మోడల్ విమానం ఒక పక్కకే లాగుతోందా? ట్రిమ్ తిప్పే ముందు టేపు పట్టండి

కువైట్‌లో ఎండలు తగ్గి నవంబర్ వచ్చిందంటే రేడియో కంట్రోల్ విమానాలు అల్మారాల మీద నుంచి కిందికి దిగుతాయి. అక్కడి నుంచి ఏప్రిల్ దాకానే మన ఆట. అందులోనూ దుమ్ము గాలి లేని సెలవు రోజులు కొన్నే దొరుకుతాయి. నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు పిల్లలు బాల్సా కర్ర కిట్లు తెప్పించుకుని, సెలవుల్లో కూర్చుని సొంతంగా విమానాలు కడుతున్నారు. ఫోన్లు పక్కన పెట్టి జిగురు, బ్లేడు పట్టుకున్నందుకు సంతోషమే. అయితే వాళ్ల నాన్నలు నన్ను అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే. "కిట్‌లో చెప్పినట్టే కట్టినాం అన్నా, ఎగరేస్తే మాత్రం ఎడమకే పోతా ఉంది, ఎందుకు?"

చాలాసార్లు లోపం రేడియోలో ఉండదు, మోటారులోనూ ఉండదు. రెక్క, తోక, మోటారు ఒకదానికొకటి సూటిగా కూర్చోకపోవడంలో ఉంటుంది. దీన్నే అలైన్‌మెంట్ అంటాం. నేను అహ్మదీ వైపు ఒక ప్లాంటులో పంపులు, మోటార్ల మెయింటెనెన్స్ చేస్తాను. పంపు షాఫ్టునూ మోటారు షాఫ్టునూ ఒకే గీత మీదికి తేవడం నా రోజువారీ పని. ఆ పనిలో పాటించే వరసే మోడల్ విమానానికీ సరిపోతుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక స్టీలు టేపు, సాగని దారం, మూలమట్టం, కొంచెం ఓపిక ఉంటే చాలు.

ఇది కేవలం సరదా సంగతి కూడా కాదు. పిల్లలు మొదట నేర్చుకునే ట్రైనర్ విమానం రెండు కిలోల పైన బరువుంటుంది. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ముందు ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. దిగేటప్పుడు అది ఒక్కసారిగా పక్కకు ఒరిగితే, ఆ పక్కన నిలబడి చూస్తున్నది మన పిల్లలే.

ట్రిమ్ నొప్పి బిళ్ళ లాంటిది

విమానం ఎడమకు ఒరిగితే ట్రాన్స్‌మిటర్ మీద ట్రిమ్ బటన్ నాలుగు సార్లు కుడికి నొక్కుతాం. సూటిగా పోతుంది. సమస్య తీరిందనుకుంటాం. నొప్పి బిళ్ళ వేసుకుంటే నొప్పి తెలియదు, రోగం మాత్రం అక్కడే ఉంటుంది.

ఎలాగో మూడు ఉదాహరణలు చెప్తాను. మోటారు పక్కకు చూస్తోందనుకోండి. ఫుల్ థ్రాటిల్‌లో రడ్డర్ ట్రిమ్‌తో సరిచేస్తారు. దిగడానికి థ్రాటిల్ తగ్గించగానే మోటారు లాగడం ఆగిపోతుంది, రడ్డర్ మాత్రం వంగే ఉంటుంది. విమానం రెండో పక్కకు తిరుగుతుంది. రెండోది, ఒక రెక్క కొన బరువుగా ఉందనుకోండి. మామూలు వేగంలో ఎయిలెరాన్ ట్రిమ్ దాన్ని ఎత్తి పట్టుకుంటుంది. వేగం తగ్గితే ఎయిలెరాన్‌కు బలం తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గదు. నేలకు దగ్గరగా వచ్చాక ఆ రెక్క పడిపోతుంది. మూడోది, రెక్క మెలి తిరిగి ఉంటే ఎయిలెరాన్ ట్రిమ్ దాన్ని చాలా వేగాల్లో కప్పేస్తుంది. కానీ రెండు రెక్కలూ గాలిని రెండు రకాల కోణాల్లో తాకుతున్నాయి కాబట్టి వేగం బాగా తగ్గినప్పుడు ఒకటి ముందు స్టాల్ అవుతుంది, రెండోది అవ్వదు. విమానం చెప్పాపెట్టకుండా తిరగబడుతుంది.

మూడు సందర్భాల్లోనూ దెబ్బ తగిలేది దిగేటప్పుడే. అందుకే ట్రిమ్‌ను ఆఖరుకు పెట్టుకోండి. ముందు కొలత.

మేస్త్రి అడిగిన ప్రశ్న

మా ఎదురు ఫ్లాట్ అబ్బాయి పోయిన సీజన్‌లో ఒక ట్రైనర్ కట్టాడు. రెక్క చివర నుంచి చివర దాకా 1,600 మి.మీ., వెడల్పు 250 మి.మీ. అది ఎడమకు ఒరుగుతోందని మా హాల్లో కార్పెట్ మీద పెట్టుకుని నలుగురం చూస్తున్నాం. ఒకరు సర్వో మార్చమన్నారు, ఇంకొకరు రిసీవర్ మార్చమన్నారు. అప్పుడే మా ఇంటికి వచ్చిన రాయచోటి మేస్త్రి ఒకాయన, జన్మలో మోడల్ విమానం ముట్టుకోనివాడు, టీ తాగుతూ అడిగాడు. "కర్ణం కొలిసినారా అన్నా? ఇంటికి మార్కింగ్ ఇచ్చేటప్పుడు మేం ముందు అదే జూస్తాం."

పునాది గీసేటప్పుడు మేస్త్రీలు ఏం చేస్తారో మనలో చాలామందికి తెలుసు. 3, 4, 5 అడుగుల కొలతతో మూల తిప్పుతారు. తర్వాత ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయా చూస్తారు. విమానంలో అదే పని తోక నుంచి రెండు రెక్కల కొనలకు దారం పట్టి చేయాలి. అసలు విమానాల మెయింటెనెన్స్‌లో కూడా ఈ పరీక్ష ఉంది. బాడీ మధ్య గీత మీది గుర్తు నుంచి రెండు పక్కలా ఒకేలాంటి గుర్తులకు దూరం కొలిచి పోల్చుతారు. దాన్ని సిమెట్రీ చెక్ అంటారు.

తోక చివర గుండుసూది గుచ్చి కొలిస్తే ఎడమ కొనకూ కుడి కొనకూ 14 మి.మీ. తేడా వచ్చింది. అబ్బాయి ముఖం వెలిగిపోయింది, దొరికిందన్నాడు. కానీ అక్కడితో ఆపలేదు. వరసగా అన్నీ చూస్తే ఎడమ రెక్క కొన దగ్గర వెనుక అంచు 3 మి.మీ. పైకి మెలి తిరిగి ఉంది. ఎడమకు ఒరగడానికి అసలు కారణం అదే. కర్ణం తేడా దానికి తోడైంది. మొదట దొరికిన తప్పు దగ్గరే ఆగిపోతే రెండోది అలాగే ఉండిపోయేది. ఈ పనిలో వరస తప్పకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

కొలిచే ముందు

ప్లాంటులో మేం పంపును కదపం. దానికి పైపులు బిగించి ఉంటాయి కాబట్టి దాన్ని ఆధారంగా పెట్టుకుని మోటారునే జరుపుతాం. అది కూడా మోటారు నాలుగు కాళ్లూ సరిగా ఆనుతున్నాయో లేదో చూశాకే. విమానంలో కదలని ఆధారం బాడీ మధ్య గీత. రెక్కను దానికి సరిపెట్టాలి. తోకను రెక్కకు సరిపెట్టాలి. మోటారు ఆఖరు. ఈ వరస తిరగబడితే ఒక తప్పును ఇంకో తప్పుకు సరిపెట్టినట్టు అవుతుంది.

చదునైన బల్ల కావాలి. కార్పెట్, మంచం పనికిరావు. మన ఫ్లాట్లలో వంటింటి మార్బుల్ గట్టు గానీ, అద్దం బల్ల గానీ బాగా పనికొస్తుంది. దాని మీద పొడవాటి స్టీలు స్కేలు మూల నుంచి మూలకు రెండు పక్కలా నిలబెట్టి, కింద వెలుతురు కనబడుతోందేమో చూసుకోండి. దారం నైలాన్‌ది వద్దు, లాగితే సాగుతుంది. రెండు మీటర్ల లోపు దూరాలకు స్టీలు టేపే మేలు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి కాగితం మీద రాయండి. టేపు పట్టడం, రాయడం పిల్లలకే అప్పజెప్పండి.

తర్వాత బాడీ. ముక్కు మధ్య నుంచి తోక మధ్యకు దారం లాగి కట్టండి. లోపలి అడ్డ పలకల మధ్య గుర్తులన్నీ దారం కిందికే రావాలి. ఆ తర్వాత రెక్క సీటు మీద ఒక సన్నటి సూటి కర్ర, తోక సీటు మీద ఇంకొకటి అడ్డంగా పెట్టి, వెనుక నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు కర్రలూ ఒకదాని మీద ఒకటి సమంగా కనబడితే బాడీ మెలి తిరగలేదు. వడ్రంగులు పలక మెలిక చూసే పద్ధతి ఇదే. బాడీలో మెలిక ఉన్నా కంగారు వద్దు. ఎంత ఉందో రాసుకుని, తోక సీటు దగ్గర ఆ మేరకు సరిచేసుకోవచ్చు.

మొదటి అడుగు: రెక్కలో మెలిక

రెక్కను బాడీ నుంచి విడదీసి ఒక్కో పక్కను బల్ల మీద ఆనించండి. అడుగు చదునుగా ఉన్న రెక్క అయితే ముందు అంచు, వెనుక అంచు రెండు చివర్లా ఒకేలా ఆనాలి. అడుగు గుండ్రంగా ఉంటే, లోపలి చివరనూ బయటి చివరనూ ఒకే ఎత్తున్న దిమ్మల మీద పెట్టి వెనుక అంచు ఎత్తు కొలవండి.

లెక్క తేలిక. ఒక మీటరు పొడవుకు 1 డిగ్రీ అంటే 17.5 మి.మీ. రెక్క వెడల్పు 250 మి.మీ. అయితే 1 డిగ్రీకి 4.4 మి.మీ. మా ఎదురింటి అబ్బాయి రెక్కలో వచ్చిన 3 మి.మీ. అంటే ముప్పావు డిగ్రీకి కొంచెం తక్కువ. వినడానికి చిన్నదే, కానీ అది అటు రెక్కంతా ఎప్పుడూ ఎయిలెరాన్ కొంచెం ఎత్తి ఉంచినట్టే పని చేస్తుంది. వెనుక అంచు పైకి లేచిన రెక్క తక్కువ ఎత్తుతుంది కాబట్టి విమానం అటే ఒరుగుతుంది.

ఒక జాగ్రత్త. కొన్ని ప్లాన్లలో రెండు కొనల దగ్గరా వెనుక అంచును కావాలనే కొంచెం పైకి ఎత్తుతారు. దాన్ని వాషౌట్ అంటారు. స్టాల్ కొన దగ్గర కాకుండా లోపల మొదలవ్వాలని అలా చేస్తారు. అది తప్పు కాదు. రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూస్తే చాలు.

సరిచేయడం ఎలా? ఫిల్మ్ కవరింగ్ అతికించిన బాల్సా రెక్క అయితే పని సులువు. ఒకరు రెక్కను మెలికకు ఎదురు దిశలో, కావలసిన దానికంటే కొంచెం ఎక్కువగా తిప్పి పట్టుకోవాలి. ఇంకొకరు కవరింగ్ ఐరన్‌తో గానీ హీట్ గన్‌తో గానీ పైనా కిందా ఫిల్మ్‌ను మళ్ళీ వేడి చేయాలి. ఫిల్మ్ బిగుసుకుంటుంది. చల్లారే దాకా వదలకూడదు. మర్నాడు మళ్ళీ కొలవండి. కొన్నిసార్లు సగం మెలిక వెనక్కి వస్తుంది, అప్పుడు ఇంకోసారి చేయాలి. పైనంతా బాల్సా షీటు వేసిన రెక్క ఇలా లొంగదు. దానికి కొన దగ్గర వెనుక అంచుకు సన్నని ముక్కోణపు బాల్సా పట్టీ అతికించి సరిపెట్టాలి. ఫోమ్ రెక్కనైతే వేడి నీటి ఆవిరికి గానీ హెయిర్ డ్రయ్యర్‌కు గానీ చూపి మెల్లగా వంచవచ్చు. హీట్ గన్ దగ్గరికి తీసుకెళ్తే కరిగిపోతుంది.

రెండో అడుగు: సీటు మీద రెక్క

ఇక రెక్కను బాడీకి బిగించి కర్ణాలు కొలవండి. తోక మధ్యలో గుండుసూది, అక్కడి నుంచి రెండు రెక్కల కొనల్లో ఒకే గుర్తుకు టేపు. 1,600 మి.మీ. రెక్క, అక్కడి నుంచి 900 మి.మీ. వెనుక తోక ఉన్న విమానంలో రెక్క 1 డిగ్రీ తిరిగితే రెండు కొలతల మధ్య 21 మి.మీ. దాకా తేడా వస్తుంది. కంటికి కనబడని వంకర టేపు మీద ఇంత పెద్దగా కనబడుతుంది. ఆ 14 మి.మీ. అంటే డిగ్రీలో మూడింట రెండు వంతులు. ఇలాంటి విమానానికి నేను పెట్టుకునే హద్దు 3 మి.మీ.

రెక్కను రబ్బర్ బ్యాండ్లతో కట్టే విమానమైతే కొలత సరిపోయే దాకా జరిపి, రెక్క మీదా బాడీ మీదా కలిసేలా పెన్నుతో గీతలు గీయండి. ప్రతిసారీ ఆ గీతలు కలిపి కట్టుకోవచ్చు. బోల్టులతో బిగించేదైతే పాత బోల్టు రంధ్రాన్ని గట్టి కర్ర ముక్కతో, ఎపాక్సీతో పూడ్చి, ఎండాక రెక్కను సరైన చోట పెట్టి మళ్ళీ డ్రిల్ చేయాలి. పాత రంధ్రాన్నే ఫైల్‌తో వెడల్పు చేసి వదిలేయకండి. ప్రతి ల్యాండింగ్‌కూ రెక్క జరుగుతుంది.

తర్వాత వెనుక నుంచి చూపు. బాడీని నిటారుగా నిలబెట్టి రెండు కొనల ఎత్తు బల్ల నుంచి కొలవండి. ఇక్కడ చిన్న షిమ్ పెద్ద మార్పు తెస్తుంది. సీటు వెడల్పు 90 మి.మీ. అయితే ఒక పక్క 0.5 మి.మీ. లేపినా రెండు కొనల మధ్య దాదాపు 9 మి.మీ. తేడా మారుతుంది. రెక్క బాడీ పైన కూర్చునే ట్రైనర్లలో కొన ఏ పక్క కిందికి ఉందో ఆ పక్క సీటు మీద పలుచని ప్లైవుడ్ పట్టీ అతికించాలి, లేదా రెండో పక్కను సాండ్ పేపర్‌తో తగ్గించాలి. రెక్క బాడీ కింద ఉండే విమానాల్లో ఇది తిరగబడుతుంది.

మూడో అడుగు: తోక

అడ్డ తోక రెండు రకాలుగా తప్పుతుంది. పై నుంచి చూస్తే తిరిగి ఉండటం ఒకటి. దీనికి అడ్డ తోక కొన నుంచి అదే పక్క రెక్క కొనకు కొలిచి రెండు పక్కలూ పోల్చాలి. వెనుక నుంచి చూస్తే రెక్కకు సమాంతరంగా లేకపోవడం రెండోది. దీనికి ఫోన్ చాలు. నాలుగైదు మీటర్లు వెనక్కి వెళ్ళి, జూమ్ చేసి తోక ఎత్తులో ఫోటో తీయండి. స్క్రీన్ మీద రెక్క గీతా తోక గీతా పోల్చితే వంకర తెలిసిపోతుంది.

ఈ రెండోది మోసగాడు. సూటిగా పోతున్నంత సేపూ తోక మీద భారం తక్కువ కాబట్టి ఏమీ తెలియదు. ఎలివేటర్ లాగినప్పుడు తోక కిందికి నెట్టే బలం కొంత పక్కకు పోతుంది. లూప్ వేస్తే విమానం గీత తప్పి పక్కకు వస్తుంది. చాలామంది దాన్ని తమ వేళ్ల తప్పనుకుంటారు.

నిలువు తోకను అడ్డ తోకకు మూలమట్టంతో 90 డిగ్రీలు పెట్టాలి. పై నుంచి చూస్తే అది బాడీ మధ్య గీత మీదే ఉండాలి. దాని అడుగు 180 మి.మీ. ఉంటే 1 డిగ్రీ వంకర అంటే 3 మి.మీ. మాత్రమే. ప్లాన్‌లో కావాలని పక్కకు పెట్టమంటే తప్ప ఈ 3 మి.మీ. వదలకండి. బాడీ చివర అంత దూరంలో ఉన్న నిలువు తోకకు విమానాన్ని తిప్పే బలం చాలా ఎక్కువ.

అతికించేసిన తోకను ఎలా తీయాలి? లాగకండి. పలుచని రంపం బ్లేడుతో జిగురు గీత వెంటే మెల్లగా కోసి, సీటు చదును చేసి, షిమ్ పెట్టి కొలిచి, మళ్ళీ అతికించండి. ఎపాక్సీ అయితే కొంచెం వేడి తగిలితే మెత్తబడుతుంది. సయనో జిగురు అసిటోన్‌కు మెల్లగా వదులుతుంది. అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, సయనో ఆవిరి కళ్లను మండిస్తుంది. ఏసీ వేసి కిటికీలు మూసిన గదిలో ఈ పని చేయకండి. ముఖ్యంగా చిన్న పిల్లలున్న ఇంట్లో. మళ్ళీ అతికించేటప్పుడు 30 నిమిషాల ఎపాక్సీ వాడండి. అయిదు నిమిషాల దానితో కొలిచి జరిపే వ్యవధి ఉండదు.

నాలుగో అడుగు: ఇన్సిడెన్స్

పక్క నుంచి చూస్తే రెక్కకూ అడ్డ తోకకూ మధ్య ఉండే కోణం ఇది. ప్లాన్ ఎంత చెబితే అంత ఉండాలి. ట్రైనర్లలో మామూలుగా రెక్క ముందు అంచు ఒకటి నుంచి మూడు డిగ్రీలు పైకి ఉంటుంది. కొలవడానికి బాడీని బల్ల మీద అడ్డ తోక సమంగా ఉండేలా నిలపండి. అంటే తోక ముందు అంచు, వెనుక అంచు ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడు రెక్క ముందు అంచు మధ్య ఎత్తు, వెనుక అంచు ఎత్తు కొలవండి. వెడల్పు 250 మి.మీ. రెక్కలో తేడా 9 మి.మీ. వస్తే కోణం దాదాపు 2 డిగ్రీలు. రెండు పక్కలా బాడీకి దగ్గరగా కొలిచి పోల్చితే రెక్క సీటు వంకర కూడా బయటపడుతుంది.

కోణం మరీ ఎక్కువైతే వేగం పెరిగే కొద్దీ ముక్కు ఆకాశం వైపు లేస్తుంది. డౌన్ ట్రిమ్ ఎంత ఇచ్చినా చాలదు. రెక్క వెనుక అంచు కింద పలుచని పట్టీ పెడితే కోణం తగ్గుతుంది. అయితే ఈ పనికి ముందు సెంటర్ ఆఫ్ గ్రావిటీ ప్లాన్ చెప్పిన చోట ఉందో లేదో చూడండి. బరువు ముందుకు ఉన్నా లక్షణాలు దాదాపు ఇలాగే ఉంటాయి.

ఐదో అడుగు: మోటారు, అది కావాలని పెట్టిన వంకర

చాలామంది పిల్లలు మోటారు కొంచెం కుడికీ కిందికీ చూస్తోందని గమనించి దాన్ని సూటిగా చేసేస్తారు. అది చేయకూడదు. ప్రొపెల్లర్ తిరగడం వల్ల విమానం ఎడమకు లాగుతుంది. దాన్ని ఆపడానికే రెండు మూడు డిగ్రీలు కుడికి, ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు లేవకుండా రెండు మూడు డిగ్రీలు కిందికి పెడతారు. మీ ప్లాన్ ఏం చెబుతోందో చూసి అంతే ఉందో లేదో కొలవండి.

కొలత ఇలా. బ్యాటరీ తీసేయండి. ఇది మరిచిపోవద్దు. ప్రొపెల్లర్‌ను అడ్డంగా నిలిపి, దాని రెండు కొనల నుంచి తోక మధ్య సూదికి దూరం కొలవండి. 11 అంగుళాల ప్రొపెల్లర్ అయితే 2 డిగ్రీలకు కుడి కొన తోకకు దాదాపు 10 మి.మీ. దగ్గరగా రావాలి. తక్కువైతే మోటారు మౌంట్ ఎడమ బోల్టుల వెనుక వాషర్లు వేయండి. బోల్టుల మధ్య 50 మి.మీ. ఉంటే 1 మి.మీ. వాషర్ 1 డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ మారుస్తుంది.

ఇప్పుడు ఎగరేయండి

అన్నీ సరిచేశాక ట్రిమ్‌లు, సబ్ ట్రిమ్‌లు సున్నాకు తెచ్చి, సర్వో చేతులు పుష్‌రాడ్‌కు 90 డిగ్రీల్లో పెట్టి, క్లెవిస్ తిప్పి ఎయిలెరాన్, ఎలివేటర్, రడ్డర్ మధ్యలో ఉండేలా చేయండి. ముక్కు దగ్గర ఒక వేలు, తోక దగ్గర ఒక వేలు పెట్టి విమానాన్ని ఎత్తండి. ఏ రెక్క ఎప్పుడూ కిందికి పోతే రెండో రెక్క కొనలో చిన్న బరువు పెట్టండి. మన ఊళ్లో సంక్రాంతికి గాలిపటం ఒక పక్కకు వాలితే రెండో పక్క గుడ్డ పేలిక కట్టేవాళ్లం, గుర్తుందా? ఆ తెలివే ఇది.

మిగిలిన తేడాలు గాలిలో తెలుస్తాయి. ఎత్తులో, గాలి తక్కువున్న ఉదయం చూడండి:

థ్రాటిల్ పెంచినప్పుడే పక్కకు తిరిగి, తగ్గిస్తే సూటిగా పోతే మోటారు కోణం చూడండి.

ట్రిమ్ చేశాక మామూలు వేగంలో బాగుండి, నెమ్మదిస్తే ఒక రెక్క వాలి, వేగం పెంచితే రెండో పక్కకు ఒరిగితే అది రెక్కల బరువు తేడా.

ట్రిమ్ లేకుండా ఒక పక్కకే ఒరుగుతూ, వేగం పెరిగే కొద్దీ ఎక్కువైతే రెక్కలో మెలిక ఇంకా ఉంది.

ఎలివేటర్ లాగినప్పుడే పక్కకు పోతే అడ్డ తోక సమాంతరం, ఎలివేటర్ రెండు సగాలు సమానంగా కదులుతున్నాయా అన్నవి చూడండి.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చి ఎగరేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మన ఎండ సంగతి

కువైట్‌లో ఒకసారి సరిచేసిన విమానం ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోవద్దు. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. వేసవిలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది, ఫిల్మ్ ఒకచోట వదులై ఇంకోచోట బిగుస్తుంది, రెక్క మెలి తిరుగుతుంది. ఊరికి వెళ్ళేటప్పుడు విమానాన్ని బాల్కనీలోనో కారు డిక్కీలోనో వదలకండి. రెక్కను గోడకు ఆనించి నిలబెట్టకుండా పడుకోబెట్టండి. నవంబర్‌లో మొదటి ఫ్లయిట్‌కు ముందు ఈ కొలతలన్నీ ఇంకోసారి తీయండి. మొదటిసారి రాసిపెట్టిన కాగితం ఉంటే పోల్చడం అరగంట పని.

ఎక్కడ ఎగరేయాలన్నదీ చెప్పాలి. ఖాళీ ఎడారి కనబడింది కదా అని ఎగరేయకండి. విమానాశ్రయం, చమురు ప్లాంట్లు, సైనిక స్థావరాలు ఉన్న చిన్న దేశం ఇది. రేడియో కంట్రోల్ విమానాలనూ డ్రోన్లనూ ఇక్కడ చాలా గట్టిగా చూస్తారు. అనుమతి ఏం కావాలో పౌర విమానయాన శాఖ నిబంధనల్లో ముందే తెలుసుకోండి. అనుమతి ఉన్న మైదానంలో, అనుభవం ఉన్నవాళ్లు పక్కన ఉండగానే ఎగరేయండి. 1974లో ఏర్పడిన కువైట్ సైన్స్ క్లబ్ లాంటి చోట అడిగితే దారి తెలుస్తుంది. ఊళ్లో చదువుకునే పిల్లలకు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్పుతారు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఆ అబ్బాయి విమానానికి బోల్టు రంధ్రం పూడ్చి డ్రిల్ చేయడానికి, రెక్క మెలిక తీయడానికి రెండు శుక్రవారాలు పట్టాయి. తర్వాత కర్ణాల తేడా 2 మి.మీ.కు వచ్చింది. ఎయిలెరాన్ ట్రిమ్ రెండు క్లిక్కులు తప్ప అవసరం పడలేదు. ఆ రెండు క్లిక్కులను కూడా వాడు క్లెవిస్ తిప్పి తీసేశాడు. ఇప్పుడు వాడి స్నేహితుడు కొత్త కిట్ మొదలుపెట్టాడు. జిగురు ఎండాక కాదు, జిగురు వేసే ముందే టేపు పట్టుకుని కూర్చుంటున్నారు ఇద్దరూ. మీ ఇంట్లోనూ అక్కడే మొదలుపెట్టండి. జిగురుకు ముందు కొలిస్తే సరిచేయడానికి ఒక నిమిషం, తర్వాత కొలిస్తే రెండు శుక్రవారాలు.